గూటిలోని పెన్నీ

నయీముద్దీన్ వరంగల్ పశువుల దవాఖానలో కంపౌండర్‌గా పనిచేసేవాడు. ఇల్లు మట్టెవాడలో. పొద్దున్నే సైకిల్‌కు మందుల పెట్టె కట్టుకొని ఊళ్ల మీదికి పోయి, పశువులకు గొంతువాపు టీకాలు వేసి, ఈనలేక తిప్పలు పడే బర్రెలను చూసి, పొద్దుగూకే వేళకు ఇల్లు చేరేవాడు. రాగానే బావి దగ్గర చేతులు రెండుసార్లు కడుక్కునేవాడు. మొదటిసారి పశువుల వాసన పోవడానికి, రెండోసారి పెన్నీలను ముట్టుకోవడానికి.

"అన్నం తినేటందుకు ఒక్కసారి కడుగుతవు. బజార్ల చెల్లని పైసలకేమో రెండుసార్లు" అని భార్య గులాబ్ బీ నవ్వేది.

ఆ పెన్నీలు ఇంగ్లండువి. మన పాత వెండి రూపాయంత ఉండే కంచు బిళ్ళలు. ఒకవైపు రాజు తలో రాణి తలో ఉంటుంది. రెండోవైపు త్రిశూలం, డాలు పట్టుకొని, ఇనుప టోపీ పెట్టుకొని కూర్చున్న ఒక స్త్రీ. ఆమెను బ్రిటానియా అంటారు. 1971లో ఇంగ్లండులో పైసల లెక్క మారి, ఆ పెద్ద పెన్నీలు చెల్లకుండా పోయాయి. సరిగ్గా ఆ ఏడాదే అవి నయీముద్దీన్ చేతికి వచ్చాయి. గులాబ్ బీ చెంబు తెమ్మంటే, పాత రాగి, ఇత్తడి సామాను తూకానికి అమ్మే దుకాణానికి పోయాడు. అక్కడ తక్కెట్లో, వంగిపోయిన గంటెల కింద ఎనిమిది గోధుమరంగు బిళ్ళలు కనిపించాయి. ఆయన చెయ్యి చాపేసరికి పక్క నుంచి ఇంకో చెయ్యి వచ్చింది. ఆ చెయ్యి రాజేశ్వర్ రావుది.

రాజేశ్వర్ రావు కాజీపేట రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. ఇద్దరూ ఒకరినొకరు చూసుకొని, కాసేపు మొహమాటపడి, చివరికి చెరి నాలుగు తీసుకున్నారు. చెంబు కొనడం నయీముద్దీన్ మరిచిపోయాడు. ఆ రోజు నుంచి ప్రతి ఆదివారం పొద్దున రావు గారి ఇంటి అరుగు మీద ఇద్దరూ కలుసుకునేవారు. హైదరాబాదు ఆబిడ్స్‌లో రోడ్డు పక్క కొన్న, అట్ట ఊడిన కేటలాగు ఒకటి రావు దగ్గర ఉండేది. ఏ సంవత్సరం పెన్నీ ఎన్ని కొట్టారో, ఏది దొరుకుతుందో, ఏది దొరకదో అందులో ఉంటుంది. సంవత్సరం పక్కన నిచ్చెనలాంటి చిన్న అక్షరం ఉంటే అది వేరే ఊళ్లో కొట్టిన పెన్నీ అని, దాని విలువ ఎక్కువని నయీముద్దీన్ అందులోంచే నేర్చుకున్నాడు. 1933 పెన్నీలు ప్రపంచం మొత్తం మీద పది కూడా లేవని చదివినప్పుడు ఇద్దరూ తమ పెన్నీల సంవత్సరాలన్నీ మళ్లీ ఒక్కొక్కటే చూసుకున్నారు.

పెన్నీ ఎంత అరిగిందో చెప్పడానికి కేటలాగులో ఇంగ్లిషు మాటలు ఏవో ఉన్నాయి. రావుకు అవి నచ్చలేదు. రైల్వే మనిషి కదా, ఆయన లెక్క ఆయనది. రాజు గడ్డంలో వెంట్రుకలు, చెవి మడతలు, బ్రిటానియా వేళ్లు, అన్నీ విడివిడిగా కనిపిస్తే ఫస్టు క్లాసు. వేళ్లు కలిసిపోతే సెకండు. చెవి కూడా పోతే జనరల్ డబ్బా. సంవత్సరం మాత్రమే కనిపించేవి గూడ్సు బండి.

"రావు సాబ్, ఈ 1912 సెకండు క్లాసు" అనేవాడు నయీముద్దీన్.

"వేళ్లు ఏవి? జనరల్" అనేవాడు రావు.

"బొటనవేలు కనబడుతాంది గద."

"ఒక్క వేలుకు సెకండు క్లాసు టికెట్ ఇయ్యరు, నయీం భాయ్."

ఏడేళ్లలో నయీముద్దీన్ దగ్గర అరవై దాకా పెన్నీలు జమ అయ్యాయి. అన్నిటిలోకి ఆయనకు ప్రాణం 1936 పెన్నీ. దొరకనిదేమీ కాదు, ఆ ఏడాదివి కోట్లలో ఉన్నాయి. కాని ఇది ఎవరి జేబులోనూ నలగలేదు. కొత్త రాగి చెంబులా మెరిసేది. బ్రిటానియా ముక్కు, పెదవులు, టోపీ మీది కుచ్చు, త్రిశూలం పట్టిన వేళ్లు నిన్న చెక్కినట్టు ఉండేవి. దాన్ని మందుగోళీల డబ్బాలో దూది మీద పడుకోబెట్టి, రోజూ ఒకసారి చూసుకొని మూత పెట్టేవాడు.

1978 జూన్‌లో ధర్మసాగర్ నుంచి కొమురెల్లి అనే రైతు సైకిల్ తొక్కుకుంటూ దవాఖానకు వచ్చాడు. వాళ్ల బర్రె రాత్రి ఈనిందట, తెల్లారినా మాయ పడలేదట. నయీముద్దీన్ వెంటనే బయలుదేరాడు. వాళ్లింటికి చేరేసరికి బర్రె తల వాల్చి నిలబడి ఉంది. కొమురెల్లి తల్లి మొగిలమ్మ దాని మెడ నిమురుతూ కూర్చుంది. అరవై దాటిన మనిషి, మాట మాత్రం గట్టిది.

"మంచిగ సూడు బిడ్డా. మా ఇంటికి పాలిచ్చేది ఇదొక్కటే."

నయీముద్దీన్ చొక్కా విప్పి, చెయ్యి భుజం దాకా కడుక్కొని పనిలో దిగాడు. గంటంబావు పట్టింది. మాయ మొత్తం వచ్చేసింది. సూది మందు వేసి, లోపల గోళీలు పెట్టి, ఆయన బావి దగ్గర కడుక్కుంటుంటే బర్రె మేతకు మూతి పెట్టింది.

మొగిలమ్మ ఇంట్లోకి పోయి అరచేయంత చెక్క పీట ఒకటి రెండు చేతులతో పట్టుకొని వచ్చింది.

"నీ చెయ్యి మంచిది బిడ్డా. కని ఈ తల్లి కూడ సల్లగ సూసింది. మా అత్త చిలుకమ్మ ఉన్నప్పటి సంది మా గూట్లె ఉన్నది."

పీట మీద లక్కతో అతికించిన బిళ్ళ ఒకటి ఉంది. దాని నిండా పసుపు, నడుమ కుంకుమ బొట్టు. పసుపు కింద ఒక స్త్రీ కూర్చున్న ఆకారం, చేతిలో త్రిశూలం. నయీముద్దీన్ తుడుచుకుంటున్న తువ్వాల అలాగే ఆగిపోయింది.

అది పెన్నీ. అడుగున సంవత్సరం దగ్గర పసుపు పలచగా ఉంది. 1926.

"ఈ తల్లి మీకు ఎక్కడ దొరికింది అవ్వా?"

"మా మామ కాజీపేట నుంచి బల్లార్షా లైను ఏసేటప్పుడు మట్టి పనికి పోయిండట. ఆడ ఒక తెల్ల దొర ఊరికి పోతపోత చేతుల పెట్టిండట. మా అత్త సూసి, త్రిశూలం పట్టుకున్న తల్లిని జేబుల పెట్టుకొని తిరుగుతవా అని మామను తిట్టి గూట్లె పెట్టింది. అప్పటి సంది రోజు పసుపు పెడుతనే ఉన్నం. ముందు ఆమె, తర్వాత నేను."

నయీముద్దీన్ తల ఊపి, బర్రెకు రెండు రోజులు ఏం పెట్టాలో చెప్పి, సైకిల్ ఎక్కాడు. నేరుగా రావు ఇంటికి పోయాడు. ఆ రోజు ఆదివారం కాదు. రావు అన్నం ముందు కూర్చొని ఉన్నాడు.

"1926 చూసిన" అన్నాడు నయీముద్దీన్ గడపలోంచే.

రావు ముద్ద కంచంలో పెట్టేశాడు.

1926లో రెండు రకాల పెన్నీలు ఉన్నాయి. రాజు మెడ కింద బి, ఎం అని రెండు చిన్న అక్షరాలు ఉంటాయి, బొమ్మ చెక్కినాయన పేరులోవి. మామూలు పెన్నీల మీద ఆ అక్షరాల పక్కన చుక్కలుంటాయి. ఆ ఏడాది రాజు బొమ్మను కాస్త సవరించి మళ్లీ చెక్కారు. సవరించిన దాంట్లో చుక్కలు లేవు, అక్షరాలు మెడ వెనుక వైపుకు జరిగాయి. అలాంటివి ఆ ఏడాది కొన్నే వచ్చాయి. రావు దగ్గర ఉన్న 1926కు చుక్కలున్నాయి. చుక్కలు లేనిదాన్ని ఇద్దరూ కేటలాగులో తప్ప చూడలేదు.

"చుక్కలు ఉన్నయా?" అన్నాడు రావు.

"రాజు కిందికి ఉన్నడు సాబ్. లక్కలో బోర్ల పడుకొని ఉన్నడు. పైకి కనబడేది ఆమె ఒక్కతే."

"మరి తిప్పి చూడాలె గద."

"అది వాళ్ల దేవతండి. తిప్పుమని ఎట్ల అడుగుత? అందులో నేను అడుగుతనా?"

రావు లేచి చెయ్యి కడుక్కున్నాడు. కేటలాగు తెచ్చి ఆ పేజీ మళ్లీ చదివాడు. అన్నం చల్లారిపోయింది.

తర్వాత రెండు వారాలలో నయీముద్దీన్ ధర్మసాగర్‌కు నాలుగుసార్లు పోయాడు. ఒకసారి బర్రెకు జ్వరం చూడటానికి, ఒకసారి దాని దూడకు కడుపులో పురుగులు పోయే మందు తాగించడానికి, ఒకసారి ఊరికే అటు పోతూ. అడగాలని ఇంటి నుంచే మాటలు కూర్చుకొని పోయేవాడు. గూడు కనబడగానే బర్రె సంగతే అడిగి తిరిగి వచ్చేవాడు. నాలుగోసారి పోయినప్పుడు కొమురెల్లి పలుగు భుజాన వేసుకొని ఎదురుపడ్డాడు.

"సారూ, బర్రె మంచిగనే ఉన్నది గద. పూటకు మూడు సేర్లు ఇస్తాంది. మళ్ల ఏమన్న బీమారి కనబడ్డదా?"

"లేదు లేదు. ఫికర్ చెయ్యకు. ఊరికె చూసిపోదామని."

వాకిట్లో బియ్యం చెరుగుతున్న మొగిలమ్మ చేట కింద పెట్టింది.

"ఇటు రా బిడ్డా. కూసో. నువు బర్రెను సూస్తలేవు. దాని మీద చెయ్యి పెట్టి మా గూడును సూస్తానవు. నువు వచ్చినప్పుడల్ల నేను సూస్తనే ఉన్న. ఏం కావాలె నీకు?"

నయీముద్దీన్ ముఖం ఎర్రబడింది. అరుగు అంచున కూర్చొని మొత్తం చెప్పాడు. ఆ బిళ్ళ ఇంగ్లండుదని, తాను అలాంటివి పోగుచేస్తానని, ఆ సంవత్సరానివి రెండు రకాలని, తెలియాలంటే వెనుకవైపు చూడాలని. చివరికి ఆ తల్లి ఇంగ్లండు దేశం బొమ్మ అని కూడా చెప్పాడు. దాచడం ఆయనకు చేతకాలేదు. చెప్పిన తర్వాత, ఇక ఈ ఇంట్లో అడుగు పెట్టనివ్వరేమో అనుకున్నాడు.

మొగిలమ్మ గూటి వైపు చూసింది.

"దేశం బొమ్మనా? అందుకేనా టోపీ పెట్టుకున్నది. ఏ తల్లి టోపీ పెట్టదు గదా అని నేను పెండ్లయి వచ్చిన కొత్తల మా అత్తను అడిగిన. నోరు మూసుకొని దండం పెట్టమన్నది." నవ్వి, మళ్లీ అంది. "ఎవలైతేంది బిడ్డా. యాభై ఏండ్లు దండం పెట్టినంక ఆమె మా తల్లే. మరి ఎనుకకు ఏముంటది?"

"రాజు ఉంటడు."

"రాజా? గిన్నేండ్ల సంది మా తల్లి కింద రాజు పండుకున్నడా? మా అత్తన్న చెప్పలే." ఆమె కళ్లల్లో కుతూహలం కనిపించింది. "నాకూ సూడబుద్దైతాంది. కని ఇప్పుడు కాదు. బోనాలకు ముందు గూడు అలికి సున్నం పెడుతం. అప్పుడు తల్లిని కిందికి దించుతం. ఆ నాడు రా."

"నేను ముట్టుకోవచ్చునా అవ్వా?"

"బర్రె కడుపుల చెయ్యి పెట్టి పానం నిలబెట్టినవు. బిళ్ళ ముట్టుకుంటె ఏమైతది?"

ఆషాఢం చివరి వారంలో గూడు అలికారు. ఆ పొద్దున నయీముద్దీన్, రావు కాజీపేటలో బస్సెక్కి ధర్మసాగర్‌లో దిగారు. రావు ఇస్త్రీ చొక్కా తొడుక్కొని, భూతద్దాన్ని రుమాలులో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. పక్కపక్కన పెట్టి చూడనిదే ఏ పెన్నీనీ తేల్చగూడదని రావు నియమం. అందుకని నయీముద్దీన్ మందుగోళీల డబ్బా కూడా తెచ్చాడు.

వాకిట్లో చాప పరిచారు. నిప్పుల మీద పెట్టి లక్క కరిగిద్దామని కొమురెల్లి అన్నాడు. రావు ఒప్పుకోలేదు, కంచు నల్లబడుతుందన్నాడు. మొగిలమ్మ గిన్నెలో నీళ్లు కాచింది. ముందు చన్నీళ్లతో పసుపు మెల్లగా కడిగారు. తర్వాత పీటను వేడినీళ్లలో ముంచి ఉంచారు. లక్క మెత్తబడింది. నయీముద్దీన్ గోరుతో అంచు పట్టి కదిలిస్తే బిళ్ళ వదిలింది. రాజు ముఖం మీద ఎర్రటి లక్క పొర అలాగే ఉంది. నయీముద్దీన్ మందుల పెట్టెలోంచి స్పిరిట్ సీసా తీశాడు, సూది వేసే చోట తుడిచేది. దూది తడిపి రాజు మీద ఆనించి ఉంచాడు. రుద్దలేదు. దూది ఎర్రబడితే తీసేసి కొత్తది పెట్టాడు. ఆరుసార్లు మార్చాడు.

ఏడో దూది తెల్లగా వచ్చింది.

రాజు గడ్డంలో ప్రతి వెంట్రుకా ఉంది. చెవి మడతలున్నాయి. అక్షరాల సందుల్లో కొత్త కంచు రంగు ఇంకా మిగిలే ఉంది. యాభై ఏళ్లుగా ఎండ తగలక, చెయ్యి తగలక ఆ ముఖం టంకశాల నుంచి వచ్చినప్పటిలాగే ఉంది. రావు భూతద్దం పెట్టి మెడ కింద చూశాడు. అద్దం తుడిచి రెండోసారి చూశాడు. భూతద్దాన్ని నయీముద్దీన్‌కు ఇచ్చాడు.

బి, ఎం. మెడ వెనుక వైపుకు. చుక్కలు లేవు.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొగిలమ్మ వాళ్లిద్దరినీ చూసింది.

"మంచిదేనా?"

రావు నయీముద్దీన్ మోచేతిని తాకి, గొంతు తగ్గించి ఉర్దూలో "అభీ కుచ్ మత్ బోలో" అన్నాడు.

"ఇప్పుడే చెప్పొద్దా? ఎందుకు బోలొద్దు సారూ?" అంది మొగిలమ్మ. "నేను నిజాం కాలం మనిషిని. నాకు ఆ మాట తెలుస్తది."

రావు తల దించుకున్నాడు. నయీముద్దీన్ ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"అవ్వా, మేము ఏడేండ్ల సంది ఎతుకుతున్న బిళ్ళ ఇదే. అసొంటియి చానా తక్కువ. దీని ధర ఎంతో మాకు తెల్వదు. కని ధర ఉంటది. ఇది నీది."

మొగిలమ్మ ఆ మాటలు విన్నట్టు లేదు. బిళ్ళను అరచేతిలోకి తీసుకొని తన తల్లి వైపుకు తిప్పింది. పసుపు లేకుండా ఆ బిళ్ళను ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక ఆకారం కూర్చొని ఉంది, అంతే. ముక్కు లేదు, కళ్లు లేవు, టోపీ తలలో కలిసిపోయింది. త్రిశూలం ఒక గీతగా మిగిలింది. చెయ్యి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు.

"మొకం ఏది?" అంది. ఆ చోటును వేలితో తడిమి మళ్లీ అంది. "నేనే అరగదీసిన్నా? రోజు బొటనవేలుతోని మొకానికే రాస్తుంటి. మా అత్త గూడ గట్లనే రాసేది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంటుంటే నయీముద్దీన్‌కు తానే తప్పు చేసినట్టు అనిపించింది. ఏం చెయ్యాలో తోచక మందుగోళీల డబ్బా మూత తీశాడు. దూది మీది 1936ను తల్లి వైపు పైకి ఉండేలా ఆమె ముందు పెట్టాడు.

"మీ తల్లి ముందు ఇట్లనే ఉండె, అవ్వా."

మొగిలమ్మ వంగి చూసింది. భూతద్దం అడిగి తీసుకొని మళ్లీ చూసింది. చాలాసేపు చూసింది.

"ముక్కు ఎంత సక్కగున్నది" అంది. "వేళ్లు సూడు. త్రిశూలం ఎట్ల పట్టుకున్నదో సూడు. కొమురెల్లీ, ఇటు రారా. ఇగో మన తల్లి." తర్వాత నయీముద్దీన్ వైపు తిరిగింది. "నాకు మొకమున్న తల్లిని ఇయ్యి బిడ్డా. రాజున్న బిళ్ళను నువు తీసుకపో."

నయీముద్దీన్ వెంటనే సరే అనలేకపోయాడు. రోజూ చూసుకునే బిళ్ళ అది. దాన్ని ఇవ్వాలంటే చెయ్యి రాలేదు. అయినా ఆయనను ఆపింది అదొక్కటే కాదు.

"అట్ల వద్దు అవ్వా. నాది ఎక్కడన్న దొరుకుతది. నీది దొరకది. మోసం చేసినట్లయితది."

కొమురెల్లి అప్పటిదాకా పలుగుకు ఆనుకొని నిలబడి వింటున్నాడు. ఇప్పుడు ముందుకు వచ్చాడు.

"అవ్వా, నువు జర ఆగు. సారు మంచోడే, కని ధర తెల్వకుండ ఇయ్యద్దు. ఎంతకు పోతదో కనుక్కోమను."

"నువ్వన్నది కరెక్టు" అన్నాడు రావు. ఇందాకటి మాటకు సిగ్గుపడుతున్నాడు కాబట్టి వెంటనే పనిలోకి దిగాడు. బిళ్ళ మీద పలచని కాగితం పరిచి, పెన్సిల్‌తో మెల్లగా రుద్ది రెండు వైపుల అచ్చు తీశాడు. ఆ రాత్రే ఉత్తరం రాసి, పొద్దున బొంబాయిలో పాత నాణేలు కొనే ఒక వ్యాపారికి రిజిస్టరు పోస్టులో పంపాడు. జవాబు వచ్చేదాకా బిళ్ళ మొగిలమ్మ గూట్లోనే ఉంటుందని అనుకున్నారు. అయితే 1936ను కూడా ఉంచిపొమ్మని మొగిలమ్మ అడిగింది. "ఇద్దరు తల్లులు జర మాట్లాడుకుంటరు" అంది. నయీముద్దీన్ డబ్బా అక్కడే పెట్టి బస్సెక్కాడు.

ఆ మూడు వారాలు నయీముద్దీన్ చేతులు ఒక్కసారే కడుక్కున్నాడు. గులాబ్ బీ అది గమనించింది. "ఆ అవ్వ దగ్గర అది మంచిగనే ఉంటది" అని ఒకసారి అంది. ధర్మసాగర్‌లో కొమురెల్లి మాత్రం కోటలు కట్టాడు. బావికి కరెంటు మోటరు పెట్టాడు, ఇంటికి పెంకులు మార్పించాడు, రెండో బర్రెను కొన్నాడు, అన్నీ నోటితోనే.

శ్రావణం మూడో వారంలో బొంబాయి జవాబు వచ్చింది. రావు దాన్ని తెరవకుండా, నయీముద్దీన్‌ను వెంటబెట్టుకొని ధర్మసాగర్‌కు తెచ్చి, మొగిలమ్మ వాకిట్లో అందరి ముందే చింపాడు. ఇంగ్లిషు ఉత్తరాన్ని ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పాడు.

"పెన్నీ మీరన్న రకమే. దొరకనిదే. అభినందనలు." కొమురెల్లి నిటారుగా నిలబడ్డాడు. "కాని ఒకవైపు పూర్తిగా అరిగిపోయింది. కొనేవాళ్లు రెండు వైపులా చూస్తారు. అటువైపు కూడా రాజు వైపులాగా ఉండి ఉంటే నేనే రైలెక్కి వచ్చేవాణ్ణి. ఉన్న స్థితిలో ఎనభై రూపాయలు ఇవ్వగలను."

"ఎనభై?" అన్నాడు కొమురెల్లి.

"ఎనభై."

"మోటరుకు పైపు గూడ రాదు." అరుగు మీద కూలబడ్డాడు. ముందు నవ్వింది మొగిలమ్మ. తర్వాత కొమురెల్లి కూడా నవ్వాడు. "నేను బర్రెకు పేరు గూడ పెట్టుకున్న అవ్వా."

నయీముద్దీన్ జేబులోంచి ఎనభై రూపాయలు తీసి చాప మీద పెట్టాడు. ఎంత వచ్చినా ఆ ధర తానే ఇద్దామని ముందే జీతంలోంచి తెచ్చుకున్నాడు. మొగిలమ్మ వాటిని తిరిగి ఆయన వైపు నెట్టింది.

"తల్లిని ఇచ్చి తల్లిని తెచ్చుకుంటాన. నడుమ రూపాయలెందుకు? ఈ మూడు వారాలు నేను ఈ మొకమున్న తల్లికే మొక్కిన. ఆమె నాకు అలవాటయింది. కని ఒక్క మాట. మీరు అన్ని బుక్కుల రాసుకుంటరట గద. మా అత్త పేరు గూడ రాయుండ్రి."

రావు సంచిలోంచి నోటుబుక్కు తీశాడు. కొత్త పేజీలో, మొగిలమ్మ చూస్తుండగా, పెద్ద అక్షరాలతో రాశాడు: 1926, చుక్కలు లేనిది. ధర్మసాగర్ చిలుకమ్మ గూటి నుంచి. మొగిలమ్మకు చదువు రాదు. అత్త పేరు ఎక్కడుందో అడిగి, ఆ మాట మీద వేలు పెట్టి చూసుకుంది.

బిళ్ళలు మారాయి. ఈసారి లక్క వద్దని, పీటకు గుంట తొలిపించి అందులో కూర్చోబెట్టమని నయీముద్దీన్ చెప్పాడు. ముఖం మీద వేలు పెట్టవద్దని, పసుపు చుట్టూ పెట్టమని కూడా చెప్పాడు. మొగిలమ్మ ఆయన ముందే పెట్టి చూపించింది. పోతున్నప్పుడు కొమురెల్లి రిజర్వాయర్ చేపలు నాలుగు, టేకు ఆకుల్లో చుట్టి ఇచ్చాడు. బస్సులో అందరూ ముక్కులు మూసుకున్నారు. నయీముద్దీన్ చొక్కా జేబు మీద చెయ్యి తీయకుండా మట్టెవాడ దాకా వచ్చాడు.

ఆ బిళ్ళను ఏ తరగతిలో వెయ్యాలో మాత్రం ఇద్దరికీ తెగలేదు. సగం ఫస్టు క్లాసు, సగం గూడ్సు. ఆ తర్వాత ప్రతి ఆదివారం దాని మీద వాదన నడిచేది.

అంతటితో అయిపోయిందని నయీముద్దీన్ అనుకున్నాడు. బిళ్ళలు మారిన పదిరోజులకు ధర్మసాగర్ పక్క ఊళ్లో టీకాలు వేస్తుంటే, సోమక్క అనే ఆమె మేకను వదిలిపెట్టి దగ్గరికి వచ్చింది.

"సారూ, మొగిలమ్మక్క గూట్లె ఉన్నసొంటి తల్లి మీ దగ్గర ఇంకొకటి ఉన్నదా?"

ఆయన నవ్వి, మర్నాడు ఒకటి తెచ్చి ఇచ్చాడు. ఆమె డబ్బు ఇవ్వబోతే వద్దన్నాడు. అదే ఆయన చేసిన పొరపాటు. ఆ ఏడాది గడిచేలోపు ఆ చుట్టుపక్కల గూళ్లలోకి తొమ్మిది పెన్నీలు పోయాయి. అరవైలో ఒకే సంవత్సరానివి రెండేసి మూడేసి ఉన్నవే ఇచ్చాడు గాని, ఇచ్చాడు. సందుక పెట్టెలో చోటు దొరికిందని గులాబ్ బీ సంతోషించింది.

చివరికి నెక్కొండ నుంచి కూడా ఒకామె, మొగిలమ్మకు దూరపు చుట్టం, పేరు భద్రమ్మ, రైలెక్కి మట్టెవాడకు ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. నయీముద్దీన్ ఒక పెన్నీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. 1917ది, ఆయన లెక్కలో మంచి సెకండు క్లాసు. భద్రమ్మ దాన్ని అంచులు పట్టుకొని వెలుతురు వైపు తిప్పింది. ఒక కన్ను మూసి చూసింది. తల అడ్డంగా ఊపి తిరిగి ఇచ్చేసింది.

"ఈ తల్లికి వేళ్లు అరిగినయి సారూ. మొగిలక్క చెప్పే పంపింది, ముందు వేళ్లు సూడుమని. ఇంకోటి సూపియ్యి."

నయీముద్దీన్ మారు మాట్లాడకుండా లోపలికి పోయి, చేతులు కడుక్కొని, ఇంకో డబ్బా తెచ్చాడు.